లంఖణం పరమౌషధం, మీటింగ్ అనుపానం

మా ఆఫీసులో ఉద్యోగుల పొట్టల్ని ఎవరూ పట్టించుకోరని బయట ఒక అపవాదు ఉంది, దాన్ని ఖండించడానికే ఇది రాస్తున్నాను. పదకొండేళ్లుగా ఐబీఎస్‌తో కాపురం చేస్తున్నవాణ్ణి. ఏ టెస్టులోనూ ఏమీ కనపడకుండా ఒక పూట కడుపు ఉబ్బించి ఇంకో పూట పరుగులు పెట్టించే పేగుల జబ్బు అది. కాబట్టి ఈ విషయంలో నా సాక్ష్యానికి కాస్త విలువ ఉంటుంది.

మొన్న మా కంపెనీలో 'హ్యాపీ టమ్మీ' వారోత్సవాలు జరిగాయి. మొదటి రోజు వెబినార్, అంశం 'వేళకు తినడం ఎందుకు ముఖ్యం', సమయం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర. అందరూ రావాలి, కెమెరా ఆన్‌లో ఉండాలి, కెమెరా ముందు తినడం బాగుండదు. రెండున్నరకు కిందికి దిగితే క్యాంటీన్‌లో సాంబారు గిన్నె అడుగున ఒక మునక్కాయ ముక్క మాత్రం మాకోసం ఎదురుచూస్తోంది. లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. ఆ ఔషధాన్ని ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా, మీటింగ్ అనే అనుపానంతో కలిపి ఇస్తున్న మేనేజ్‌మెంట్‌ను మెచ్చుకోకుండా కొందరు కృతఘ్నులు గ్యాస్ మాత్రలు కొనుక్కుంటున్నారు. పాంటాప్రజోల్‌ను తిండికి అరగంట ముందు వేసుకోమంటారు డాక్టర్లు. తిండి ఎప్పుడో తెలియదు కాబట్టి మావాళ్లు అప్రైజల్‌కు అరగంట ముందు వేసుకుంటున్నారు.

రెండో రోజు 'హెల్దీ కౌంటర్' తెరిచారు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మెనూ రాసిన మహానుభావుడికి నా పేగులతో పాత కక్షలేవో ఉన్నాయని నా అనుమానం. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీవాళ్లు ఫాడ్‌మాప్ అని ఒక పథ్యం తయారుచేశారు. కొన్ని రకాల పిండిపదార్థాలు చిన్నపేగులో సరిగా ఒంటబట్టవు, కిందికి దిగి పెద్దపేగులో పులుస్తాయి, గ్యాస్ పుడుతుంది, ఐబీఎస్ ఉన్నవాళ్లకు నొప్పి మొదలవుతుంది. అందుకని రెండు నుంచి ఆరు వారాలు వాటిని ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తింటూ ఏది పడుతుందో ఏది పడదో తేల్చుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, రాజ్మా, పాలు, తేనె, యాపిల్... ఇలా సాగుతుంది ఆ జాబితా. ఇప్పుడు మా హెల్దీ కౌంటర్ చూడండి: మల్టీగ్రెయిన్ రోటీ, రాజ్మా సలాడ్, దాని మీద పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ఒక యాపిల్, తేనె కలిపిన మజ్జిగ. అన్నీ కలిపి నూట అరవై రూపాయలు. జాబితాలో ఒక్కదాన్నీ వదిలిపెట్టలేదు! వెల్లుల్లి లేదేమిటా అనుకున్నాను, రోటీ మీద పూశారు.

పక్కనే మామూలు కౌంటర్‌లో తెల్లన్నం, క్యారెట్ వేపుడు ఉన్నాయి. నా పొట్టకు పడేవి అవే. వాటి మీద ఎర్రరంగు స్టిక్కర్ అంటించారు, 'మితంగా తీసుకోండి' అని.

1984లో బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు, పొట్టలో పుండ్లకు కారణం హెలికోబాక్టర్ అనే క్రిమి అంటే ఎవరూ నమ్మకపోయేసరికి, ఆ క్రిమిని పెంచిన ద్రావణాన్ని గటగటా తాగేసి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఒక్కసారి తాగినందుకే నోబెల్. మేము రోజూ తింటున్నాం.

మూడో రోజు అందరికీ ఒకే మెయిల్ వచ్చింది, 'పీచు ఎక్కువ తినండి, గోధుమకు మారండి' అని. మా వరుసలో ఒకాయనకు అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగులో పుండ్లు పడే జబ్బు. జబ్బు ముదిరిన రోజుల్లో పచ్చి సలాడ్ చూస్తేనే వణుకుతాడు. ఇంకో అమ్మాయికి సీలియాక్. గోధుమ అసలు ముట్టకూడదు, రోటీ పట్టిన పట్టకారుతో దోసె వేసినా ఆమెకు ప్రమాదమే. అందరికీ ఒకే మందు రాసే డాక్టరును ఊళ్లో ఏమంటారో మీకు తెలుసు, ఆఫీసులో మాత్రం వెల్‌నెస్ పార్టనర్ అంటారు.

రాత్రి కాల్స్ సంగతికొస్తే, గుండెల్లో మంట ఉన్నవాళ్లు తిన్నాక రెండు మూడు గంటల దాకా పడుకోకూడదు. మాకు తొమ్మిదిన్నరకు కాల్ మొదలవుతుంది, ఎండాకాలంలో అది న్యూజెర్సీలో మిట్టమధ్యాహ్నం. అవతల మనవాడే ఉంటాడు, ఏలూరు అబ్బాయి. పావుగంట కాగానే, "సారీ గురూ, లంచ్ టైమ్, అరగంటలో వచ్చేస్తా" అని వెళ్లిపోతాడు. మేము స్క్రీన్ మీద అతని ఖాళీ కుర్చీ చూస్తూ కూర్చుంటాం, చేతిలో బిస్కెట్‌తో.

మన దేశంలో అసలు ఏ ఏర్పాటూ లేదనుకోకండి. 1948లోనే ఫ్యాక్టరీల చట్టంలో రాశారు, 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ పెట్టించవచ్చని, దాన్ని నడిపే కమిటీలో కార్మికుల ప్రతినిధులూ ఉండాలని, ఐదు గంటల పని దాటకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలని. హెచ్‌ఆర్‌ను అడిగితే "మనది ఫ్యాక్టరీ కాదు కదండీ" అన్నారు. నిజమే, మా దగ్గర సైరన్ మోగదు. చాట్‌లో పేరు పక్కన పచ్చచుక్క ఐదు నిమిషాల్లో పసుపైపోతుంది, అంతే. నాలాంటివాడికి ఐదు నిమిషాలు ఏ మూలకు? మా ఫ్లోర్‌లో మగవాళ్లకు రెండు టాయిలెట్లు, ఒకటి ఆర్నెల్లుగా మూసి ఉంది. ఆ మూసిన తలుపు మీదే వారోత్సవాల పోస్టర్ అంటించారు: 'ఆపుకోవద్దు, ఆరోగ్యం పాడుచేసుకోవద్దు'.

సీటు టాయిలెట్ దగ్గరికి మార్చమని అడిగాను. ఫారం ఇచ్చారు. లక్షణాలు, ఎంత తరచుగా, ఏ రంగులో, అన్నీ రాసి మేనేజర్‌కూ ఆయన పై మేనేజర్‌కూ కాపీ పెట్టాలట. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, ఇక్కడ రిప్లై ఆల్‌లో పడుతుంది. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఆఖరి రోజు నాకు 'గట్ హీరో' అవార్డు వచ్చింది, ఒక్క వెబినార్ కూడా ఎగ్గొట్టనందుకు. బహుమతి జీడిపప్పు, పిస్తా డబ్బా. ఫాడ్‌మాప్ జాబితాలో ఇంకా మిగిలినవి అవే. పట్టుకెళ్లి క్యాంటీన్‌లో వంటచేసే తమ్ముడికిచ్చాను. "ఏందన్నా, ఇవి కూడా పడతలేవా?" అన్నాడు. ఒక్కొక్కటీ అడిగాడు, నేను చెప్పాను, ఉల్లి, వెల్లుల్లి దగ్గర వేలు ముడిచి లెక్కపెట్టుకున్నాడు.

ఇప్పుడు రోజూ పన్నెండున్నరకు, పెద్ద గిన్నెలో వెల్లుల్లి తాలింపు పడకముందే, ఒక స్టీలు గ్లాసులో చారు తీసి పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచుతున్నాడు. మీటింగ్ రెండింటికి అయినా, రెండున్నరకి అయినా వేడిగానే ఉంటుంది. దయచేసి ఈ సంగతి హెచ్‌ఆర్‌కు చెప్పకండి, వాడికి ఒంటిగంటకు వెబినార్ పెట్టేస్తారు.