పరాభవ ఉగాది, గిరిగారి ఫొటో

పంచాంగంలో పరాభవ నామ సంవత్సరం అని చూసినప్పుడు అరవై పేర్లలో అదొక పేరేలే అనుకున్నా, మన డబ్లిన్ తెలుగు సంఘం ఉగాది ప్రోగ్రాం రోజే పేరు నిలబెట్టుకుంటుందని మాత్రం అనుకోలేదు. ఆ శనివారం హాల్లో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, లేనివాళ్ళ కోసం చెప్తున్నా.

ఉగాది పచ్చడి పేపర్ కప్పుల్లో, పంచాంగ శ్రవణం జూమ్‌లో, ప్రోగ్రాం గంటన్నర లేటు, అన్నీ మామూలే. నేను మా పక్కింటి ఐరిష్ ఆవిడని వెంటబెట్టుకొచ్చా. డెబ్బై దాటిన రిటైర్డ్ టీచరు, మేం డబ్లిన్ వచ్చిన మొదటి చలికాలం బాయిలర్ ఆగిపోతే రాత్రి పదింటికి హీటర్ మోసుకొచ్చింది ఈవిడే. మన యాంకర్ తమ్ముడు మైక్ పట్టుకుని, మన కోసం వచ్చిన బ్రిటిష్ గెస్ట్‌కి గట్టిగా చప్పట్లు కొట్టండి అన్నాడు. కొట్టాం కూడా! అక్కడున్న మూడొందల మందిలో సగానికి పైగా బ్రిటిష్‌వాళ్ళతో పోరాడి విడిపోయిన ఈ ఐర్లండ్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళం, నాలుగు రోజుల ముందే ఇక్కడి జాతీయ పండగ సెయింట్ పాట్రిక్స్ పెరేడ్‌లో ఆకుపచ్చ పట్టుచీరలు కట్టి ఫొటోలు పెట్టినవాళ్ళం, ఒక్కళ్ళకీ చెయ్యి ఆగలేదు.

ఆవిడ నవ్వుతూనే స్టేజి ఎక్కింది. కాగితం చూసి ఉగాది శుభాకాంక్షలు అని చక్కగా చదివింది, తర్వాత పిల్లల్ని ఓ ప్రశ్న అడిగింది. మీ తెలుగాయన ఒకరు వందేళ్ళ క్రితం మా డబ్లిన్‌లో లా చదివారు, ఆ తర్వాత మీ దేశానికి ప్రెసిడెంట్ అయ్యారు, ఎవరో చెప్పండి అని. పిల్లలు మా మొహాలు చూశారు, మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. వెనక నుంచి ఒక అన్నయ్య అబ్దుల్ కలాం అన్నారు. ఇంకొకాయన నీలం సంజీవరెడ్డి అన్నారు, పోనీ తెలుగు వరకైనా వచ్చారు. నన్ను అడగొద్దు, నేను లోపల్లోపల రాధాకృష్ణన్ అనుకున్నా. వి.వి. గిరి అని చివరికి ఆవిడే చెప్పాల్సొచ్చింది, ఈలోపు నెక్స్ట్ ఐటమ్ పాట మొదలైపోయింది.

కార్లో వస్తూ సారీ చెప్పా. పర్లేదు, మా మనవలకీ తెలీదు అంది. కాసేపాగి, ఆ బ్రిటిష్ మాటకి మా నాన్న బతికుంటే మాత్రం హాల్లోంచి లేచి నడుచుకుంటూ ఇంటికెళ్ళేవాడు అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

జూలైలో ఇక్కడొక యూనివర్సిటీ సమ్మర్ స్కూల్‌లో రెండు వారాలు ఐరిష్ హిస్టరీ, కల్చర్, పాలిటిక్స్ అని ఉంటే చేరిపోయా. మా ఆయన ఫీజు చూసి, దీంతో హైదరాబాద్ టికెట్ వస్తుంది కదే అన్నాడు, నిజమే, పైగా యాన్యువల్ లీవ్‌లో పది రోజులు పోయాయి. క్లాసులో దాదాపు అందరూ అమెరికా నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్లలు. ఎందుకొచ్చారు అని మొదటిరోజు అడిగితే ఒకమ్మాయి మా ముత్తవ్వది ఇక్కడి మేయో కౌంటీ అంది, ఇంకో అబ్బాయి మా తాతది కెర్రీ కౌంటీ అన్నాడు. నా వంతొచ్చేసరికి ఏం చెప్పాలో తెలీక, పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా, ఇంకా ఏమీ తెలీదు అని నిజం చెప్పేశా. నిజానికి వచ్చేముందు ఐర్లండ్ గురించి నాకు తెలిసింది ఒకే ఒక్కటి, డిగ్రీ అయ్యాక గ్రూప్స్‌కి ప్రిపేరైనప్పుడు బట్టీ కొట్టిన బిట్టు, ఆదేశిక సూత్రాలు ఏ దేశం నుంచి గ్రహించారు, ఆన్సర్ ఐర్లండ్. 1937 నాటి ఇక్కడి రాజ్యాంగంలో 45వ ఆర్టికల్ అది, క్లాసులో ఆ పేజీ తెరిచినప్పుడు పాత స్నేహితురాలు కనపడ్డట్టైంది.

గిరిగారి కథ మొత్తం అక్కడే విన్నా. 1913లో వచ్చారు, యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో చదివారు, ఇక్కడి స్వాతంత్ర్యవాదులతో తిరిగారు, 1916లో డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తర్వాత అనుమానంతో ఆయన్ని దేశం నుంచి పంపించేశారు. అదే వారం కిల్‌మేనమ్ జైలుకి తీసుకెళ్ళారు. ఆ తిరుగుబాటు నాయకుల్లో 14 మందిని 1916 మేలో కాల్చి చంపిన పెరడు అది, వాళ్ళల్లో ఒకడైన జేమ్స్ కానలీకి కాలికి గాయమై నిలబడలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి మరీ కాల్చారు. ఈ జైలు మన ఇళ్ళకి ఎంత దూరం? ఇండియా నుంచి ఎవరొచ్చినా క్లిఫ్స్ ఆఫ్ మోహర్ తీసుకెళ్తాం, గిన్నెస్ తీసుకెళ్తాం, కిల్డేర్ విలేజ్‌లో షాపింగ్ చేయిస్తాం, ఇక్కడికి మాత్రం మా అత్తగారు మామగారు నాలుగుసార్లు వచ్చినా ఒక్కసారీ తీసుకెళ్ళలేదు.

ఇంకోటి విని కుర్చీలోంచి లేవబోయా. జనగణమన ఇవాళ మనం పాడుతున్న బాణీకి స్వరాలు రాసిపెట్టడంలో మార్గరెట్ కజిన్స్ చెయ్యి ఉంది, ఆవిడది రాస్‌కామన్ కౌంటీలో బాయిల్ అనే చిన్న ఊరు. 1919లో టాగూర్ మదనపల్లె కాలేజీలో దిగినప్పటి ముచ్చట అది, ఆ పాటకి ఆయన ఇంగ్లీషు అనువాదం కూడా అక్కడే చేశారు, అప్పుడు ఆవిడ భర్తే అక్కడ ప్రిన్సిపల్. ఇండియాకి రాకముందు ఆవిడ ఇక్కడ ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడి జైలుకెళ్ళిన మనిషి. మన ప్రతి ప్రోగ్రామూ ఆ పాటతోనే ముగిస్తాం కదా, ఈ దేశంలో నిలబడి ఆ పాట పాడుతూ ఈ సంగతి ఒక్కసారైనా ఎవరైనా చెప్పారా?

అలాగని ఐరిష్ వాళ్ళంతా మనవైపే ఉన్నారని కాదు. జలియన్‌వాలాబాగ్ అప్పుడు పంజాబ్‌ని ఏలిన మైకేల్ ఓడ్వయర్ ఇక్కడి టిపరరీ కౌంటీలో పుట్టినవాడే. ఇది మా ట్యూటరే ముందు చెప్పాడు, నేను అడక్కముందే. సొంత ఊరివాడి తప్పుని బయటి మనుషుల ముందు అంత మామూలుగా చెప్పడం చూసి నాకు కాస్త ఈర్ష్యగా అనిపించింది.

కరువు క్లాసు రోజు రాత్రి నాన్నకి ఫోన్ చేశా. 1845 నుంచి బంగాళదుంప పంట కుళ్ళిపోయి పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్ళిపోయారు, ఆ కాలంలోనే ఇక్కణ్ణుంచి తిండిగింజలు ఇంగ్లండుకి వెళ్తూనే ఉన్నాయి, 1841లో ఈ ద్వీపంలో 80 లక్షల పైన జనం ఉంటే ఇవాళ్టికీ ఆ అంకె అందలేదు అని చెప్పుకుపోతున్నా. నాన్న అంతా విని, గుంటూరు దానివి నువ్వు, కరువు నేర్చుకోడానికి ఫీజు కట్టి వెళ్ళావా అమ్మా అన్నారు. డొక్కల కరువు అని మన దగ్గర ఇప్పటికీ అంటారుగా, 1832 నాటిది, ఆయన చిన్నప్పుడు ఎవరైనా ఆబగా తింటే డొక్కల కరువులోంచి వచ్చాడనేవాళ్ళంట. ట్రెవెల్యన్ అని లండన్ ఖజానాలో కూర్చుని ఇక్కడి కరువు సాయాన్ని పిడికిట్లో బిగించిన ఆఫీసరు ఉన్నాడే, అతనే 1859లో మద్రాస్ గవర్నర్‌గా వచ్చాడు నాన్నా, అప్పుడు మన గుంటూరు ఆయన కిందే అని చెప్తే అవతల కాసేపు చప్పుడు లేదు. మరి ఇవి మాకు బళ్ళో చెప్పలేదేం అన్నారు, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి.

ఇక అసలు తగిలింది రెండో వారం. 1831 తర్వాత ఇక్కడ సర్కారీ బళ్ళొచ్చాయి, చదువంతా ఇంగ్లీషు. ఐరిష్‌లో మాట్లాడే పిల్లల మెడలో ఒక కర్రముక్క కట్టేవాళ్ళు, ఐరిష్ మాట నోట్లోంచి వచ్చినప్పుడల్లా దాని మీద ఒక గాటు, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. అమెరికా పిల్లలు అయ్యో అన్నారు, ఎవరో ఇంగ్లీషువాళ్ళని తిట్టారు కూడా. ట్యూటర్ ఆగమన్నాడు. ఆ గాట్లు పెట్టింది మేష్టార్లు మాత్రమే కాదు, చాలా ఇళ్ళల్లో తల్లిదండ్రులే పెట్టారు, పిల్లాడు బోస్టన్ వెళ్ళాలి, లివర్‌పూల్ వెళ్ళాలి, ఇంట్లో భాషతో ఏం బతుకుతాడు అని.

నాకు మా కాన్వెంట్ గుర్తొచ్చింది, పేరు వద్దులెండి. తెలుగు మాటకి రూపాయి ఫైను. క్లాసుకొక అట్టముక్క ఉండేది, తెలుగు మాట్లాడి దొరికినవాళ్ళ మెళ్ళో వేసేవాళ్ళు, ఇంకొకళ్ళు దొరికేదాకా అది మోయాలి, అందుకని అది మెళ్ళో పడగానే పక్కపిల్లని గిల్లి అమ్మా అనిపించేవాళ్ళం. అవును, అమ్మా అన్నా ఫైనే. నెలాఖరుకి నాకే ఎక్కువ బాకీ ఉండేది, వాగుడుకాయని. నాన్న విసుక్కోకుండా కట్టేవారు, పైగా వీధిలో అందరికీ గొప్పగా చెప్పేవారు, మా అమ్మాయి బళ్ళో తెలుగు మాట్లాడనివ్వరండి అని. ఆయన్నేమీ అనలేను. ఆ ఇంగ్లీషే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది, ఆ జీతంతోనే ఆయన కళ్ళ ఆపరేషన్ చేయించా. ఆ క్లాసులో మాత్రం నా మెడ తడుముకున్నా, నిజంగా.

ఇంతకంటే సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. మా చిన్నాడు ఇక్కడే పుట్టాడు, ఫిఫ్త్ క్లాసు. పోయినేడు వాడికి ఐరిష్ సబ్జెక్టు మినహాయింపు ఇవ్వమని నేనే స్కూలుకెళ్ళి అడిగా. పెద్దయ్యాక బయటి దేశం నుంచి వచ్చిన పిల్లలకిస్తారు, చదవడంలో బాగా ఇబ్బంది ఉన్నవాళ్ళకిస్తారు, మీవాడికెందుకు అన్నారు. మన వాట్సప్ గ్రూపులో ఈ ఎగ్జెంప్షన్ ఎలా సంపాదించాలి అని నెలకొక మెసేజ్ వస్తుంది, చచ్చిపోయిన భాష, కోడింగ్ నేర్పిస్తే నయం అని కింద పది బొటనవేళ్ళు, వాటిల్లో ఒకటి నాది. 2022 సెన్సస్‌లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్ళు 18 లక్షల పైన, బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 72 వేలు కూడా లేరు. నిజమే, ఆ లెక్క చూస్తే ఎందుకీ బాధ అనిపిస్తుంది. మనింట్లో తెలుగు లెక్క తీస్తే ఎంతొస్తుందో? మావాడు నాతో తెలుగులో మాట్లాడేది ఆకలేసినప్పుడు, అమ్మమ్మతో వీడియో కాల్లో, అంతే. ఆ రాత్రి వాణ్ణి ఐరిష్‌లో ఏదైనా చెప్పరా అంటే, అన్ విల్ క్యాద్ అగమ్ దుల్ గో దీ అన్ లెహరస్ అన్నాడు. బాత్రూంకి వెళ్ళొచ్చా అని. ఈ దేశంలో ప్రతివాడికీ జీవితాంతం గుర్తుండేది ఆ ఒక్క ముక్కేనంట. మనకి మే ఐ కమిన్ టీచర్ ఎలాగో అలా.

రాజకీయాల క్లాసులో ఒక పాత జోకు చెప్పారు, ఐరిష్‌వాళ్ళు సంఘం పెడితే మొదటి మీటింగులో మొదటి ఎజెండా చీలిక అని. నేను ఎంత గట్టిగా నవ్వానంటే అందరూ వెనక్కి తిరిగారు, వాళ్ళకేం తెలుసు మన సంఘాల సంగతి. 1922 జనవరిలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందం మీద డాయిల్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, 64, 57గా చీలిన మనుషులు అంతర్యుద్ధం దాకా వెళ్ళారు, అటొక పార్టీ ఇటొక పార్టీ అయ్యి, ఒకే ప్రభుత్వంలో కలిసి కూర్చోడానికి 2020 దాకా పట్టింది. మనం 2014 తర్వాత బతుకమ్మ ఒక హాల్లో, సంక్రాంతి ఇంకో హాల్లో చేసుకుంటున్నాం, పిల్లలేమో రెండు చోట్లా అవే పిల్లలు.

ఇక్కడ కొందరు అడిగే మాట నాకూ తెలుసు. 2025 వేసవిలో డబ్లిన్ శివారు టాలాలో మన ఇండియా అతణ్ణి కొట్టారు, ఆ తర్వాత వరసగా ఇంకొన్ని జరిగాయి, ఫీనిక్స్ పార్కులో ఇండియా డే వాయిదా వేసుకున్నారు. వాళ్ళు మన గురించి నేర్చుకోరు, మనమెందుకు వాళ్ళ చరిత్ర చదవాలి అని. అడగాల్సిన మాటే. రాత్రి లూయస్ ట్రామ్ దిగి ఇంటికెళ్ళే మన పిల్లాడికి 1916 తెలిస్తే గుద్దు తగలకుండా ఉంటుందా, ఉండదు. ఇళ్ళ అద్దెలు, మార్ట్‌గేజ్, స్టాంప్ ఫోర్ అనే రెసిడెన్స్ పర్మిషన్ కోసం ఎదురుచూపులు, వీటి మధ్య సమ్మర్ స్కూలు అంటే కడుపు నిండిన కబుర్లలాగే ఉంటుంది, మా ఆయన ఇప్పటికీ అంటాడు. కానీ ఆ రోజుల్లో మన గుమ్మం ముందుకొచ్చి నిలబడింది ఎవరు? మా వీధిలోనైతే పక్కింటావిడ, వాళ్ళ చర్చిలో ఇంకో నలుగురు. వలసెళ్ళినవాళ్ళని ఎలా చూశారో మాకు తెలుసు, ఇంగ్లండులో మా అన్నకి ఐరిష్ అని గది అద్దెకివ్వలేదు అని ఆవిడ చెప్తే నాకప్పుడు అర్థం కాలేదు, ఏదో ఓదార్పు అనుకున్నా. అలాంటి మనిషినే తర్వాతేడు స్టేజెక్కించి బ్రిటిష్ అన్నాం.

ఇంకా చిన్నది ఒకటి. ఇక్కడి లోకల్ ఎలక్షన్లలో ఓటెయ్యడానికి సిటిజన్ అవ్వక్కర్లేదు, ఇక్కడ ఉంటూ 18 దాటితే చాలు, లిస్టులో పేరుండాలి. ఇది కూడా నాకు ఆ క్లాసులోనే తెలిసింది, పన్నెండేళ్ళలో రెండుసార్లు ఆ ఎలక్షన్లు నా కళ్ళ ముందే వెళ్ళిపోయాయి.

అందుకని కమిటీవాళ్ళని బతిమాలుకుంటున్నా, పోట్లాట కాదిది. వచ్చే ఉగాదికి ఎల్ఈడీ తెర సైజు కాస్త తగ్గించుకుందాం, ఆ డబ్బుల్తో ఒక కాలేజీ పిల్లనో పిల్లాణ్ణో, ఒక అమ్మనో నాన్ననో వచ్చే జూలైలో ఆ సమ్మర్ స్కూలుకి సంఘం తరఫున పంపుదాం. వచ్చాక వాళ్ళు దసరాకి పది నిమిషాలు తెలుగులో చెప్పాలి, అంతే షరతు. యాంకర్ తమ్ముణ్ణి ఎవరూ ఏమీ అనకండి, కుదిరితే మొదటి సీటు తనకే ఇవ్వండి. జనగణమన ముందు బాయిల్ ఊరి పేరు ఒక్కసారి చెప్పడానికి అర నిమిషం పట్టదు.

గిరిగారి ఫొటో ఒకటి నేను ఫ్రేం కట్టించా, మరీ పెద్దదైపోయింది, మా కార్లో పట్టట్లేదు. మా ఇంటి హాల్లో షూ ర్యాక్ పక్కన గోడకి ఆనించి ఉంది, వ్యాన్ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉగాది లోపు వచ్చి తీసుకెళ్ళండి, వచ్చే ముందు ఒక్క మెసేజ్ పెడితే టీ పెట్టి ఉంచుతా.