లేత్ మిషన్‌కు మొక్కండి, ముట్టకండి

మా ప్రాంతంలో ప్రభుత్వ పాలిటెక్నిక్ అభివృద్ధి చెందలేదని గిట్టనివాళ్లు పుకార్లు పుట్టిస్తున్నారు. ఈ అపవాదును ఖండించడం పౌరుడిగా నా ధర్మం. ఏ ఊరి కళాశాలో మాత్రం చెప్పను. ఒడిశాలో పర్లాకిమిడి నుంచి గుణుపురం మీదుగా రాయగడ దాకా ఎవరికి వారు తమదే అనుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ముందు లెక్క చూద్దాం. పదకొండో పంచవర్ష ప్రణాళిక (2007-12) కాలంలో, పాలిటెక్నిక్ లేని జిల్లాల్లో ఒక్కో కళాశాలకు 12.30 కోట్ల రూపాయలు ఇస్తామని కేంద్రం ముందుకొచ్చింది. 8 కోట్లు భవనాలకు, 4.30 కోట్లు పరికరాలకు. స్థలమూ, ఏటేటా అయ్యే ఖర్చూ రాష్ట్రం చూసుకోవాలి. ఎంత ముందుచూపు! భవనానికైతే రిబ్బను కట్టవచ్చు, శిలాఫలకం మీద పేరు చెక్కించవచ్చు. లెక్చరర్‌ను వేస్తే ఏం లాభం? ఒకటో తారీఖు రాగానే జీతం అడుగుతాడు. అందుకే తెలివైనవాళ్లు ముందు గోడలు లేపారు. పోస్టులకు తొందరేముంది, గోడలు ఎక్కడికీ పోవు కదా.

వర్క్‌షాపుకు వెళ్లి చూడండి, కళ్లు చెమరుస్తాయి. ఇనుమును గిరగిరా తిప్పుతూ చెక్కే లేత్ మిషన్‌కు తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు నేటికీ చెక్కుచెదరలేదు. ఇనుపముక్కను పట్టి తిప్పే చక్ మీద పసుపు, కుంకుమ బొట్లు. పక్కనే వడలిన బంతిపూల దండ. సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజ నాడు పెట్టినవి. ఆ ఒక్కరోజే దాని దగ్గరకు జనం వస్తారు. కొడుకును చేర్పించడానికి వచ్చిన ఒక తెలుగు రైతు అమాయకంగా అడిగాడు: "దీన్ని ఎప్పుడు తిప్పుతారు నాయనా?" అటెండరు గొంతు తగ్గించి చెప్పాడు: "త్రీఫేజ్ కరెంటు రావాలి బాబూ. వచ్చినా, పాడైతే ఎవరు జవాబు చెప్పాలి?" పాలనాశాస్త్రం మొత్తం ఆ రెండు వాక్యాల్లో ఉంది.

ఫిట్టింగు విభాగంలో మాత్రం సంప్రదాయం వర్ధిల్లుతోంది. ఆకురాయితో రాకి, మూలలు సరిచూసి ఒక ఇనుపముక్క తయారుచేస్తేనే మార్కులు. సీనియర్ అన్న ఇచ్చిన ముక్కనే తమ్ముళ్లు తెస్తారు. దాని మీది పాత రోల్ నంబరు అరగదీసి కొత్తది కొడతారు. ఏటేటా అది పలచబడుతోంది. ఆకురాయికి పని పడేది అక్కడే కాబట్టి దీన్ని ప్రాక్టికల్స్ కింద లెక్కించడమే న్యాయం.

ఇక ఇంగ్లీషు పుస్తకం, ఒడియా పాఠం, ఇంట్లో తెలుగు. ఈ మూడింటి మధ్య మా పిల్లలు మౌనం నేర్చుకున్నారు. ఉద్యోగంలో బాగా పనికొస్తుంది.

ఉద్యోగమంటే గుర్తొచ్చింది. డిప్లొమా చేతికి రాగానే పిల్లలు గుణుపురం నుంచి విశాఖపట్నం పాసింజరు ఎక్కుతున్నారు. అందుకని నాదొక మనవి. ఖాళీ పోస్టుల గొడవ పక్కనపెట్టి, రైల్వే స్టేషన్ వైపు కళాశాలకు రెండో గేటు మంజూరు చేయాలి. శిలాఫలకం చెక్కించే ఉంచాం. మంత్రిగారి పేరు ఎన్నికల తరువాత రాయించుకుంటాం.