మహారాజశ్రీ గీత గారికి

నెల్లూరు,
ఆదివారం, సాయంత్రం ఆరు దాటింది.

అయ్యా గీత గారూ,

తమరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. హాల్లో ఎక్కడ కూర్చున్నా కనబడుతూనే ఉన్నారు. మా చేపల ట్యాంకు ముందు పలక మీద ఎడమ మూల నుంచి జానెడు లోపల మొదలై, నడుమ కాస్త వంగి, ఫిల్టరు పైపు దాకా మూరెడు పొడవున మెరిసిపోతున్నారు. పుట్టి తొమ్మిది గంటలైనా కాలేదు. ఎదురింటి ఆంటీ పాలపాకెట్టు కోసం వచ్చి, చేపల్ని వదిలేసి తమరినే చూసి పోయింది.

పొద్దున పదింటికి నాచు తుడుద్దామని అయస్కాంతం బ్రష్షు పెట్టాను. లోపలి ముక్క జారి అడుగున పడింది. పైకి లాగి, మళ్ళీ అద్దానికి అంటించి (అద్దం అంటున్నాను చూడండి, ఇంకా బుద్ధి రాలేదు) ఒక్క తోపు తోశాను. కర్రుమంది. తీసి చూస్తే బ్రష్షు బొచ్చులో ఒక ఇసుక రేణువు. ఆవగింజలో సగం లేదు.

ట్యాంకు గాజుదా, అక్రిలిక్‌దా (గాజులా కనబడే ప్లాస్టిక్కు లెండి) అని ఆర్నెల్లు ఇంట్లో అందరి బుర్రలూ తిన్నవాణ్ణి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. 12 మిల్లీమీటర్ల గాజుతో చేస్తే ఒట్టి ట్యాంకే 120 కిలోల పైచిలుకు. మాది మూడో అంతస్తు, లిఫ్టులో పట్టదు. అదే మందం అక్రిలిక్ అందులో సగం కూడా తూగదు. పైగా 92 శాతం వెలుతురు పోనిస్తుంది. మామూలు గాజులో ఇనుము ఉంటుంది కాబట్టి మందం పెరిగేకొద్దీ పచ్చగా కొడుతుంది. ఇదంతా నేను భోజనాల దగ్గర ఉపన్యాసంలా చెబుతుంటే మా బామ్మర్ది ఒక్క ముక్కన్నాడు: "గాజే తీసుకో బావా. బరువైతే ఒక్కరోజు మోస్తాం. గీతైతే రోజూ చూడాలి." నవ్వాను. పొద్దున్నించి వాడి ఫోను ఎత్తడం లేదు.

షాపులో గీచి గీచి బేరమాడాను. ఆ గీచిన పాపమే తమరి రూపంలో తేలింది.

గాజు పుట్టేది ఇసుకలోంచే కదా. గాజు ఫ్యాక్టరీలకు పోయే తెల్ల ఇసుక మన ఉమ్మడి జిల్లాలోనే, చిల్లకూరు, కోట వైపు దొరుకుతుంది. ఇంటి పక్కనున్న దాన్ని కాదని ప్లాస్టిక్కును తెచ్చుకున్నానని ఆ ఇసుకే పగబట్టి, తన వంశంలోంచి ఒక్క రేణువును పంపించినట్టుంది. ఇసుకకు గాజు మీదా గీత పడుతుంది, కాదనను. కానీ ఇంత సులువుగా లొంగదు. అక్రిలిక్ అయితే పిలవకుండానే తలొంచుతుంది.

మిగతా బాధలు తమరి ముందు లెక్కలోకి రావు. నీళ్ళు నింపిన వారానికే ముందు పలక పొట్ట పెంచింది. "మీకు తోడు దొరికింది" అంది మా ఆవిడ. అద్దాలు తుడిచే నీలం మందు వాడకూడదట, అమ్మోనియా తగిలితే సన్నటి పగుళ్ళొస్తాయట. డబ్బు కట్టేశాక చెప్పారు.

ఇక షాపాయన మాట. "గీత పడదు సార్. పడినా ఒక్క ఫోన్ కొట్టండి, అరగంటలో మనిషిని పంపి అద్దంలా చేయిస్తా." అక్రిలిక్కును అద్దంలా చేస్తానన్నప్పుడే అనుమానం రావాల్సింది. పదకొండింటికి ఫోన్ కొట్టాను. "బయల్దేరాడు సార్." ఒంటిగంటకు వేదాయపాళెంలో ఉన్నాడు. రెండున్నరకు ట్రంకు రోడ్డు ఎక్కాడు. నాలుగింటికి మళ్ళీ వేదాయపాళెంలోనే ఉన్నాడు. వెనక్కెందుకు పోయాడో అడిగితే ఫోన్ కట్. చారు చల్లారింది, నా నిద్ర పోయింది, పిల్లల్ని మైపాడు బీచికి తీసుకెళ్తానన్న మాటా పోయింది. అయిదింటికి ఆయనే చేశాడు. "లోపలి గీతా సార్? బయటిదనుకున్నా. లోపలిదైతే నీళ్ళన్నీ తీసేయాలి. తీసిపెట్టుకుని చెప్పండి. అయినా నీళ్ళలో ఉంటే గీత సగం కనబడదు సార్."

కనబడే సగమే మూరెడుందయ్యా!

ఆరొందల లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్లతో నలభై సార్లు బాత్రూముకు తిరగాలి. చేపల్ని డ్రమ్ములో వేసి, దానికి గాలి మోటారు పెట్టి, కరెంటు పోకుండా మొక్కుకోవాలి. తర్వాత తల ట్యాంకులో పెట్టి, కార్ల పెయింటింగు షెడ్డువాళ్ళు వాడే వాటర్ పేపరుతో ముతక నుంచి నున్నదాకా రుద్ది రుద్ది, ఆపైన పాలిష్. గీతనొక్కదాన్నే రుద్దితే అక్కడ గుంటపడి చేప మొహం వంకరగా కనబడుతుంది, కాబట్టి చుట్టూ జానెడు మేర రుద్దాలి. ఇదంతా ఎవరి కోసం? నీ కోసం! నువ్వెవరివి నాకు? నా జీతంలోంచి మూడు నెలలు కోసి తెచ్చుకున్న పలక మీద, అద్దె లేదు అడ్వాన్సు లేదు, మూరెడు జాగా పట్టుకుని కూర్చున్నావు. చెరువు గట్టు కబ్జా చేసేవాళ్ళయినా రాత్రిపూట వస్తారు కదయ్యా!

క్షమించాలి. లైటు వేశాను, మళ్ళీ మెరిశారు.

మా రెండు ఆస్కార్ చేపల్లో పెద్దది అరగంట నుంచి తమరి ముందే నిలబడి ఉంది. వానపామనుకుంటోంది కాబోలు, తోక ఆడిస్తూ వెనక్కి పోయి, వచ్చి మూతితో పొడుస్తోంది. మామూలుగా మేత వేస్తే తప్ప మా వైపు తిరగని జీవి అది. పిల్లలిద్దరూ బీచి సంగతి మర్చిపోయి నేల మీద బోర్లా పడుకుని అది పొడిచిన పోట్లు లెక్కపెడుతున్నారు. ఇప్పటికి పదకొండు.

ఇట్లు,
ఇంకా బకెట్టు ఎత్తని,
మూడో అంతస్తువాడు