డిస్క్‌వరల్డ్ పఠనక్రమ పటం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పఠనక్రమ పటం గారికి,

తిరుపతి నుండి ఒక పాఠకుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమ క్షేమం వేరే అడగనక్కరలేదు. ఇంగ్లీషు హాస్య రచయిత టెర్రీ ప్రాచెట్ రాసిన, డిస్క్‌వరల్డ్ అనే మాయాలోకపు నవలల్లో ఏది ముందు చదవాలని ఎవరు నోరు తెరిచినా, పుస్తకం కంటే ముందు ప్రత్యక్షమయ్యేది తమరే. నవలలు 41, మొదటిది 1983లో వచ్చింది, చివరిది 2015లో, రచయిత కన్నుమూసిన కొన్ని నెలలకు వచ్చింది. వాటి నడుమ తమరు గీసిన గీతలు, బాణాలు, చుక్కల బాణాలు, రంగురంగుల గళ్లు చూసి, కాసేపు నవ్వుకోవడానికి ఏదైనా పుస్తకం చెప్పమన్నవాడు, తాను అడిగింది ఇంత పెద్ద విషయమని తెలియనందుకు క్షమాపణ కోరి వెళ్లిపోతున్నాడు.

తమ ప్రభావం ఎంతటిదో చెప్పడానికి బైరాగిపట్టెడలో ఉన్న మా మిత్రుడొకరు చాలు. ఆయన తమను రంగుల్లో అచ్చు వేయించి, లామినేషన్ చేయించి, గోడకు తగిలించారు. మాంత్రికుల వరస ఎక్కడ మొదలవుతుందో, మంత్రగత్తెల వరస ఎక్కడ మృత్యువు వరసకు దగ్గరగా వస్తుందో, నగర కాపలాదళం కథలు ఎన్నో, ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఒక్క నవల కూడా చదవలేదు. ఎందుకండీ అంటే, ఏ వరసతో మొదలుపెట్టాలో ఇంకా తేల్చుకోలేదంటారు. తప్పు ఆయనది కాదని నా మనవి. తమరు నవలల్ని పాత్రల ప్రకారం విభజించి, నీకు ఎవరు కావాలో ఎంచుకొమ్మంటారు. ఆ పాత్రల్లో ఒక్కరి ముఖం కూడా చూడనివాడు దేన్నిబట్టి ఎంచుకోవాలి? చదివి ముగించినవాళ్లకు తమరు నిజంగానే ముచ్చటైన జ్ఞాపిక. మొదలుపెట్టని వాడికి మాత్రం, పెళ్లిచూపులకు ముందే అత్తవారి వంశవృక్షం అప్పజెప్పమన్నట్టు ఉంటుంది.

మా చిత్తూరు సీమ పద్ధతి ఒకటి తమ దృష్టికి తేవాలి. వేసవి వచ్చిందంటే ఇక్కడి పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర, ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలవుతుంది. సాధారణంగా 18 రోజులు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. అన్ని రోజులూ వరసగా కూర్చునే పెద్దలు ఉంటారు, కాదనను. కానీ బకాసురుడి బండి వెంట నడిచి అక్కడి నుండే కథలో పడ్డ పిల్లలు ఉన్నారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు తప్ప ఇంకేదీ చూడని ఆడవాళ్లు ఉన్నారు. చివరి రోజు నేలమీద పరిచిన మట్టి దుర్యోధనుణ్ణి చూడటానికే పక్క ఊళ్ల నుండి వచ్చేవాళ్లు ఉన్నారు. ఆదిపర్వం విననివాళ్లు లేచి ఇంటికి పొమ్మని ఏ హరిదాసూ అనగా వినలేదు. అంతెందుకు, నన్నయ దగ్గర అరణ్యపర్వం సగంలో ఆగి ఉండగా, తిక్కన దాన్ని అలాగే వదిలి విరాటపర్వంతో మొదలుపెట్టాడు. మిగిలిన సగాన్ని తర్వాత ఎర్రన పూర్తి చేశాడు. ఆనాడు తమరే ఉండి ఉంటే నన్నయ గడి నుండి తిక్కన గడికి చుక్కల బాణం గీసి, ‘ఎర్రన పుట్టేవరకు ఆగవలెను’ అని రాసేవారు. మనకు విరాటపర్వమూ ఉండేది కాదు, దాన్ని చదివిస్తే వాన పడుతుందన్న ఆశా ఉండేది కాదు.

తమతో ఎప్పుడూ తగవు పడే ప్రచురణ క్రమం వారి సంగతీ ఇక్కడే చెప్పాలి. వారిది ఒకటే మాట: మొదటిదే మొదట చదువు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే ఆ మొదటి నవల ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’ అప్పటికే ఇంగ్లీషులో రాశులుగా పడి ఉన్న కత్తివీరుల, మాయాలోకాల నవలల్ని వెక్కిరిస్తూ రాసింది. వెక్కిరింపుకు గురైన ఆ నవలల్ని చదవనివాడికి, చూడని మనిషి నడకను ఎవరో అనుకరిస్తుంటే పక్కన నిలబడినట్టుంటుంది. ఆ పుస్తకంలో మనకు వెంటనే చుట్టరికం కలిసేది ఆ లోకమే. బల్లపరుపు లోకం, దాన్ని మోసే నాలుగు ఏనుగులు, వాటి కింద అంతరిక్షంలో ఈదుకుంటూ పోయే తాబేలు. ఆదికూర్మాన్నీ అష్టదిగ్గజాలనీ వింటూ పెరిగిన మనకు, ప్రాచెట్ పొదుపు చేసి సగం ఏనుగులతో సరిపెట్టాడనిపిస్తుంది. (ఐదో ఏనుగు ఒకటి ఉండేదని, అది జారి పడిందని ఆ లోకంలో ఒక ఐతిహ్యం, ఆ పేరుతోనే 1999లో ఒక నవల వచ్చింది.)

మరి ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఆ అడిగిన మనిషి ఎవరో చూడాలి. తమరు ఎన్నడూ అడగని ప్రశ్న అదే. యముణ్ణీ చిత్రగుప్తుణ్ణీ హాస్యపాత్రలుగా చూసి పొట్ట పట్టుకుని నవ్విన జాతి మనది. అటువంటివారికి 1987 నాటి ‘మోర్ట్’ చేతిలో పెడితే చాలు. అందులో మృత్యువు ఒక పనికిమాలిన కుర్రవాణ్ణి శిష్యుడిగా చేర్చుకుంటాడు. ఆయనకు దున్నపోతు లేదు, బింకీ అనే తెల్లగుర్రం ఉంది. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకుని ‘మ్యాక్‌బెత్’ పరీక్ష కోసమే చదివినవారికి ‘వియర్డ్ సిస్టర్స్’ ఇవ్వాలి; చంపబడ్డ రాజు దయ్యం, సింహాసనం కాజేసిన ప్రభువు, ముగ్గురు మంత్రగత్తెలు, ఊరూరా తిరిగే నాటక సమాజం చూశాక ఆ పరీక్ష మీద కసి కొంత తీరుతుంది. తమరు మాత్రం మంత్రగత్తెల వరస అనగానే ‘ఈక్వల్ రైట్స్’ గడి దగ్గర నిలబెడతారు. ఆ మంత్రగత్తెల్లో పెద్దదైన గ్రానీ వెదర్‌వాక్స్ తన అసలు స్వరూపంలో కుదురుకున్నది దాని తర్వాతేనని తమకు తెలియదా? ఇక పోలీసు స్టేషను గడప తొక్కినవారెవరికైనా ‘గార్డ్స్! గార్డ్స్!’ సరిపోతుంది: తాగుబోతు కెప్టెన్, గుప్పెడు మంది సిబ్బంది, చట్టం పుస్తకంలో ఉన్నదంతా నిజమని నమ్మి వచ్చిన కొత్త కుర్రాడు, ఊరి మీద ఒక డ్రాగన్. మాయాలోకాల సాహిత్యం అక్షరం తెలియకపోయినా ఆ కచేరీ మనకు తెలుసు.

అయితే కొండ కింద పుట్టి పెరిగిన మా ఊరివాళ్లకు నేను చెప్పేది ‘స్మాల్ గాడ్స్’, 1992. అందులో దేవుడి పేరు ఓమ్. కంగారు పడవద్దు, మన ఓంకారంతో బాంధవ్యం లేదు. భక్తుల నమ్మకమే అక్కడ దేవుళ్లకు బలం. ఓమ్ పేరిట పెద్ద సామ్రాజ్యమే నడుస్తుంటుంది, అధికారులు ఉంటారు, విచారణలు ఉంటాయి, శిక్షలు ఉంటాయి. నిజంగా నమ్మినవాడు మాత్రం బ్రూథా అనే ఒక్క చదువురాని కుర్రవాడు. అందువల్ల మహా వృషభంగా అవతరించాలనుకున్న స్వామి తాబేలై కూర్చుంటాడు. ఆ మతంవారు లోకం గుండ్రంగా ఉందని శాసిస్తారు. బల్లపరుపుగా తాబేలు మీద ఉందని నిజం చెప్పినవాడికి దండన తప్పదు. గుడి చుట్టూ యంత్రాంగం ఎలా పెరుగుతుందో రోజూ చూసే మనకు ఆ నవ్వు ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. మిగతా నవలలతో దానికి ఇచ్చిపుచ్చుకోవడాలు బహు తక్కువ. అందుకే తమ కాగితంలో అది ఓ మూలన పడి ఉంటుంది.

తమ గీతలన్నీ వ్యర్థమని అనడం లేదు. ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’ చివర మాంత్రికుడు రిన్స్‌విండ్ లోకం అంచు నుండి జారిపోయాక, కథ అందుకోవాలంటే ‘ది లైట్ ఫెంటాస్టిక్’ చదవవలసిందే. ‘గార్డ్స్! గార్డ్స్!’లోని ఆ తాగుబోతు కెప్టెన్ వైమ్స్ ఎలాంటివాడో తెలియకుండా 2002 నాటి ‘నైట్ వాచ్’ తెరిస్తే, ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లి పడిన ఆ మనిషి ఏమి పోగొట్టుకున్నాడో తెలియదు. చివరి నవల ‘ది షెపర్డ్స్ క్రౌన్’ చివరనే చదవాలి; అందులో ఒకరికి చెప్పే వీడ్కోలు పాత పరిచయం ఉన్నవారికే అర్థమవుతుంది.

కాబట్టి ఆ మూడు చోట్ల బాణాలను ఇంకా లావు చేసి, మిగతావాటిని తొలగించవలసిందిగా కోరుతున్నాను. ఎంసెట్ గైడ్ల మధ్య, పాత పుస్తకాల కొట్టులో అట్ట ఊడిన డిస్క్‌వరల్డ్ నవల ఏది దొరికితే అది, పైన చెప్పిన మూడింటిలో ఒకటి కానంతవరకు, మొదటి పుస్తకంగా పనికివస్తుందని అడుగున ఒక గమనిక వేయించండి. బాణాలు పోయాక మిగిలే ఖాళీలో తాబేలు బొమ్మ వేసుకోవచ్చు. అది ఎటు పోతున్నదో చూపిస్తూ మళ్లీ బాణం మాత్రం పెట్టకండి. ఆ సంగతి ఆ లోకపు ఖగోళ శాస్త్రజ్ఞులకే తేలలేదు.

ఇట్లు,
తమ గీతలు దాటి చదువుకున్న
తిరుపతి పాఠకుడు