పీణ్యలో చాదస్తానికి జీతం

గోడ మీద క్యాలెండర్ కాస్త పక్కకు ఒరిగినా ఊరుకోని మనిషిని ఇంట్లోవాళ్లు చాదస్తం అని కొట్టిపారేస్తారు. బెంగళూరులో ఫ్యాక్టరీల పేట పీణ్యలో ఆ గుణానికే నెల జీతం ఇస్తారు. హిందూపురం నుంచో మదనపల్లె నుంచో ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చే కుర్రాళ్లు మెషిన్ మీద పని దొరికితే చాలనుకుంటారు. తయారైన వస్తువుల కొలతలు సరిచూసే క్వాలిటీ విభాగంలో వేస్తే 'కూర్చుని చూసే పనా!' అని మొహం ముడుచుకుంటారు. నేనూ అలా ముడుచుకున్నవాణ్నే.

ఆ చూసే పని ఎలా ఉంటుందో చెబుతాను. ట్రే నిండా నూనె కారే స్టీలు బుష్‌లు, అంటే మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ముక్కలు. చేతిలో ఆ రంధ్రం సైజు చూసే రెండు కొసల గేజ్. 'గో' కొస తన బరువుకే బోర్‌లోకి, అంటే ఆ రంధ్రంలోకి జారాలి, 'నో గో' కొస మూతి దగ్గరే ఆగాలి. చేత్తో నొక్కకూడదు. మందం కొలిచే మైక్రోమీటర్ అయితే చివర ఉండే చిన్న పిడి, రాచెట్, తిప్పి, రెండు మూడు టిక్కులు వినిపించగానే ఆపాలి. ఇంకా బిగిస్తే అది మీ చేతి బలాన్ని కొలుస్తుంది. మామూలు మైక్రోమీటర్‌లో ఒక గీత 0.01 మి.మీ., తలవెంట్రుక మందం సుమారు ఏడు గీతలు. మెషిన్ మీంచి అప్పుడే దించిన వేడి పీసును కొలిచినా మోసపోతాం. 100 మి.మీ. స్టీలు 10 డిగ్రీలు వేడెక్కితే ఒక గీతకు పైనే పెరుగుతుంది. అందుకే కొలతలకు 20 డిగ్రీలను ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకుంది. ఇన్‌స్పెక్షన్ గదిలో ఏసీ మన కోసం కాదన్నమాట!

ఈ ఊరికి ఇది కొత్త విద్యేమీ కాదు. 1940లో విమానాల హెచ్‌ఏఎల్, 1953లో మెషిన్ టూల్స్ హెచ్‌ఎంటీ వచ్చాయి. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్‌ఎంటీ ఇక్కడే చేతి గడియారాల తయారీ మొదలుపెట్టింది. వాటికంటే ముందు నుంచే కంసాలులున్నారు. మా పెదనాన్న నగరత్‌పేటలో ఆ పనే చేసేవాడు. చీకటిపడ్డాక ఆకురాయిని కాగితం మీద కుంచెతో దులిపి, రజను తూచి, తరుగు లెక్క సరిపోయాకే లేచేవాడు. తేడా వస్తే తన జేబులోంచే పోతుంది మరి.

ఫ్యాక్టరీకీ ఆయన పీటకీ తేడా అక్కడే ఉంది. మా షాపులో కొలిచేవాడు ఒకడు, లారీ వెళ్లకపోతే మాటపడేవాడు ఇంకొకడు. ఒక నెలాఖరు సాయంత్రం నలభై బుష్‌లలో 'నో గో' దర్జాగా దూరిపోయింది. బోర్ పెద్దదైతే మళ్లీ సరిచేసే రీవర్క్ లేదు, తీసేసిన లోహం మళ్లీ అతకదు. సూపర్‌వైజర్ భుజం మీద చెయ్యేసి "స్వల్ప అడ్జస్ట్ మాడ్కో గురూ" అన్నాడు, కాస్త సర్దుకో అని కన్నడంలో. సంతకం పెట్టాను. వారంలో లాట్ మొత్తం తిరిగొచ్చింది. కాగితం మీద ఆయన చెయ్యి లేదు, నా సంతకమే ఉంది.

అందుకే 'చురుకైన కన్ను కావాలి' అనే ప్రకటనలు చూస్తే నాకు నవ్వొస్తుంది. కన్ను ఆర్నెల్లలో అలవడుతుంది. దొరకనిది 'వద్దు' అనే అధికారం. నేను పనిచేసిన చిన్న షాపుల్లో ఎక్కువ పీసులు తీసిన ఆపరేటర్‌కు ఇన్‌సెంటివ్ ఉండేది, తప్పు పట్టినవాడికి మాత్రం క్యాంటీన్‌లో పక్కన కూర్చునేవాళ్లు కూడా ఉండేవారు కాదు. కెమెరాలు వస్తే మనుషులక్కర్లేదంటున్నారు. పీసు మీద గీరు పడిందని కెమెరా చెబుతుంది సరే, నెలాఖరున సూపర్‌వైజర్‌కు అడ్డుపడేది ఎవరు?

ఇంటర్వ్యూకు వెళ్తే జీతంతో పాటు రెండు సంగతులు చూడండి. గేజ్ సరిగ్గా ఉందని పరీక్షించి అంటించే క్యాలిబ్రేషన్ స్టిక్కర్‌లో తేదీ దాటిపోయిందా? రిజెక్ట్ పీసులు వేసే ఎర్ర డబ్బాకు తాళం ఉందా, ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? అది ప్రొడక్షన్ ఇన్‌చార్జి జేబులో ఉంటే, రెండు వేలు ఎక్కువిస్తామన్నా నేనైతే చేరను.