బ్రహ్మోత్సవాల వారంలో డీఎన్‌ఎస్ సర్వర్‌కి అప్డేట్: వేద్దామా, ఆగుదామా?

తిరుపతిలో ఒక చిన్న ఇంటర్నెట్ సంస్థ. ఇళ్లకి, లాడ్జీలకి, టిఫిన్ హోటళ్లకి ఫైబర్ కనెక్షన్లు ఇస్తుంది. యజమాని మామ, సర్వర్లు చూసేది మేనకోడలు. బ్రహ్మోత్సవాలు మొదలైన రెండో రోజు ఒక భద్రతా ప్రకటన వచ్చింది. వాళ్ల డీఎన్‌ఎస్ సర్వర్లలో (వెబ్‌సైట్ పేరు అడిగితే దాని నంబరు అడ్రస్ చెప్పే సర్వర్లు) నడిచే బైండ్ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందనీ, సవరించిన వెర్షన్ సిద్ధంగా ఉందనీ దాని సారాంశం. ఈ ఇద్దరూ కల్పితం, వాళ్ల నోట వచ్చే పాత ఘటనలు మాత్రం జరిగినవే. నేను మేనకోడలి పక్షం. అయితే మామ మాటల్లో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి, వాటిని మెత్తబరచలేదు.

మామ: గరుడ సేవ అయ్యేదాకా ఏ సర్వర్‌నీ ముట్టుకోవద్దని పోయిన వారమే చెప్పినా కదా పాపా.

మేనకోడలు: చెప్పావు మామా. ప్రకటన నిన్న రాత్రి వచ్చింది. తీవ్రత ‘హై’ అని రాశారు. తేడా ప్రశ్న ఒక్కటి పంపితే బైండ్ ఆగిపోతుందట.

మామ: ఊళ్లో లాడ్జీలన్నీ నిండిపోయాయి. రూము బుకింగులు, యూపీఐ చెల్లింపులు, రిసెప్షన్లో కంప్యూటర్లు, అన్నీ మన లైన్ల మీదే. నువ్వు అప్డేట్ వేసి రీస్టార్ట్ కొడతావు, అది లేవదు. అప్పుడు ఆఫీసు ఫోన్ ఎవరెత్తాలి? నడుస్తున్న బండికి చక్రం మారుస్తానంటావే! పండగ వారం ఏ మార్పూ వద్దనేది నా మొండితనం కాదు, పెద్ద పెద్ద కంపెనీలు పాటించే పద్ధతి.

మేనకోడలు: కొత్త హంగులకి ఆ పద్ధతి సరే. భద్రతా సవరణకి కాదు.

మామ: భద్రతా సవరణే ముంచిన రోజు లేదా? 2024 జూలై 19 మర్చిపోయావా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క అప్డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించాయి. మన దేశంలో ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. దాడి చేసినవాడెవడూ లేడు, కాపాడాల్సిన సాఫ్ట్‌వేరే పడగొట్టింది. వెంటనే వేసుకున్నవాళ్లే చెడిపోయారు. గంటన్నర వెనక ఉన్నవాళ్లు బతికిపోయారు.

మేనకోడలు: ఆ దెబ్బ నిజమే, కాదనను. కానీ అది ఎవరినీ అడక్కుండా, అన్ని మెషిన్ల మీదా ఒకేసారి తనంతట తాను దిగిన అప్డేట్. మనది అలా కాదు. మనకి రెండు సర్వర్లున్నాయి. కస్టమర్ రౌటర్‌కి రెండు అడ్రసులూ ఇస్తున్నాం. ముందు రెండోదానికి వేస్తా. సెట్టింగుల ఫైల్ తనిఖీ చేశాకే రీస్టార్ట్. పాత ప్యాకేజీ పక్కనే ఉంటుంది, తేడా వస్తే వెనక్కి పోతా. అంతసేపూ మొదటిది జవాబులిస్తూనే ఉంటుంది.

మామ: సరే, తొందరేమిటో చెప్పు. విండోస్ డీఎన్‌ఎస్ సర్వర్‌లో 2020లో బయటపడ్డ లోపం సంగతి నువ్వే చెప్పావు. సిగ్‌రెడ్ అన్నావు. పదికి పది తీవ్రత. అది 17 ఏళ్లు అందులోనే పడి ఉంది కదా? 17 ఏళ్లు ఎవడికీ కనపడనిది ఇంకో వారంలో ఎవడికి కనపడుతుంది?

మేనకోడలు: అసలు గొడవ ఇక్కడే ఉంది మామా, కాస్త ఓపిగ్గా విను. ప్రకటన వచ్చేదాకా ఆ లోపం సంగతి తెలిసినవాళ్లు నలుగురో ఐదుగురో ఉంటారు. ప్రకటన వచ్చిన నిమిషం నుంచి అందరికీ తెలుసు. బైండ్ సోర్స్ కోడ్ దాచిపెట్టింది కాదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ వరుస మారిందో కనపడుతుంది, ఆ వరుసే లోపం ఉన్న చోటు చూపిస్తుంది. ప్యాచ్, అంటే ఆ సవరణ, వేసుకున్నవాడికి అది రక్షణ, వేసుకోనివాడి మీదికి వచ్చేవాడికి దారి. మన గడియారం లోపం పుట్టిన రోజు నుంచి కాదు, ప్యాచ్ విడుదలైన రోజు నుంచి తిరుగుతుంది.

2008 సంగతి చూడు. డాన్ కామిన్స్కీ అనే అమెరికా పరిశోధకుడు ఏ ఒక్క కంపెనీ తప్పూ కాని, డీఎన్‌ఎస్ పనిచేసే తీరులోనే ఉన్న లోపం పట్టుకున్నాడు. మన సర్వర్ బయటికి ప్రశ్న పంపేటప్పుడు దానికో గుర్తింపు సంఖ్య పెడుతుంది. అదే సంఖ్యతో జవాబొస్తే నమ్ముతుంది. ఆ సంఖ్య 16 బిట్లు, అంటే ఉన్నవి 65,536 అవకాశాలే. అంతకుముందు దొంగ జవాబు గురి తప్పితే అసలు జవాబు వచ్చి సర్వర్‌లో నిలిచిపోయేది, దాని గడువు తీరేదాకా దొంగ ఆగాల్సి వచ్చేది. కామిన్స్కీ చూపించిందేమిటంటే, ఒక డొమైన్ కింద లేని పేర్లు ఒకదాని వెనక ఒకటి అడుగుతూ పోతే ఆగాల్సిన పనే లేదు. ప్రతి ప్రశ్నా కొత్త అవకాశమే. ఒక్కటి తగిలితే చాలు, ఆ డొమైన్ మొత్తానికీ జవాబు చెప్పే సర్వర్ తనదేనని రాయించుకోవచ్చు. కంపెనీలన్నీ గుట్టుగా కూడబలుక్కుని జూలై 8న ఒకేసారి ప్యాచ్‌లు ఇచ్చాయి. వివరాలు ఆగస్టులో చెబుతానన్నాడాయన. 13 రోజులకే, జూలై 21న, విషయం పొక్కింది. ఆ వారంలోనే దాడి చేసే ప్రోగ్రాం ఎవరికి కావాలంటే వాళ్లకి దొరికింది. నెల ఆగుదాం అనుకున్నవాళ్లకి రెండు వారాలు కూడా దక్కలేదు.

నువ్వు చెప్పిన సిగ్‌రెడ్‌కే వద్దాం. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది 2020 జూలై 14న. రెండు రోజులకే అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థ సీసా, తమ ఫెడరల్ శాఖలన్నీ 24 గంటల్లో ప్యాచ్ అయినా వేయాలి, లేదా మైక్రోసాఫ్ట్ చెప్పినట్టు విండోస్ సెట్టింగుల్లో (రిజిస్ట్రీలో) తాత్కాలిక మార్పయినా చేయాలి అని ఆదేశించింది. 17 ఏళ్ల పాత లోపానికి వాళ్లిచ్చిన గడువు ఒక్క రోజు.

మామ: 2008 కథలో సగమే చెప్పావు. ఆ ప్యాచ్ వేశాక రద్దీ ఎక్కువున్న బైండ్ సర్వర్లు నెమ్మదించాయి. బైండ్‌ని చూసే ఐఎస్‌సీ సంస్థే ఆ మాట ఒప్పుకుని ఇంకో విడుదల ఇవ్వాల్సి వచ్చింది. జూలైలో ఉరికినవాళ్లు ఆగస్టులో మళ్లీ వేసుకున్నారు. మనకి రద్దీ ఎప్పుడు? ఈ వారమే కదా!

మేనకోడలు: నెమ్మదించిందే గానీ దొంగ అడ్రసులు ఇవ్వలేదు కదా.

మామ: లాడ్జి కౌంటర్ ముందు లగేజీతో నిలబడినవాడికి ఆ తేడా తెలియదు పాపా. వాడికి నెట్ రాలేదు, అంతే.

(ఈ మాటకి మేనకోడలి దగ్గర వెంటనే జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

మామ: ఇంకోటి. మన సర్వర్ బయటివాళ్లకి పలకదు. మన కస్టమర్లకి తప్ప ఎవరికీ జవాబివ్వకుండా నేనే కట్టడి పెట్టించా. ఎక్కడో కూర్చున్నవాడు మనకి ప్రశ్న ఎలా పంపుతాడు?

మేనకోడలు: ఆ కట్టడి చాలా మంచిది, దాన్ని తీయమనను. కానీ 2015లో టీకీ అనే రకం ప్రశ్నతో బైండ్‌ని కూల్చే లోపం వచ్చింది. ఒక్క ప్యాకెట్ చాలు. కట్టడి పట్టిక చూసేలోపే ఆ ప్యాకెట్‌ని చదివే కోడ్ నడుస్తుంది, కాబట్టి సెట్టింగులతో ఆపలేరు, ప్యాచ్ ఒక్కటే దారి అని ఐఎస్‌సీ చెప్పింది. జూలై 28న ప్రకటించారు, కొద్ది రోజుల్లోనే నిజమైన దాడులు మొదలయ్యాయి. పైగా ప్రశ్న బయటి నుంచే రానక్కర్లేదు. లాడ్జిలో ఎవరో ఒక వెబ్ పేజీ తెరుస్తారు, అందులో ఒక బొమ్మ దొంగ డొమైన్‌లో ఉంటుంది. ఆ పేరు కనుక్కోమని మన కస్టమరే మన సర్వర్‌ని అడుగుతాడు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కీట్రాప్ అలాంటిదే. జవాబు అసలుదేనని రుజువు చేసే డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలు సరిచూసే సర్వర్ దొంగ డొమైన్ నుంచి ఒక్క జవాబు తీసుకుంటే చాలు, లెక్కలు వేస్తూ ఉండిపోతుంది. బైండ్ అయితే 16 గంటలదాకా ఇరుక్కోవచ్చని కనిపెట్టినవాళ్లే చూపించారు.

మామ: అందుకే కదా వెర్షన్ నంబర్ కనపడకుండా దాచిపెట్టా. నువ్వేమో ఆ సెట్టింగ్ తీసేశావు.

మేనకోడలు: నేనెక్కడ తీశాను? ఫైల్ మార్చినప్పుడు పోయింది.

మామ: పోయిందా, తీశావా? పోయిన నెల తనిఖీకి వచ్చిన అబ్బాయి ఆ నంబర్ చూసే కదా, మీ బైండ్ పాతది, ప్రమాదం అని నాలుగు పేజీలు రాసిచ్చాడు. రెండు రోజులు నాకు టెన్షన్. తీరా చూస్తే ఏముంది? మన సర్వర్లలో ఉన్న లినక్స్ ఇచ్చే డెబియన్ వాళ్లు చాలాసార్లు పాత నంబర్ అలాగే ఉంచి సవరణలు మాత్రం అందులో కలుపుతారు. మన దాంట్లో అన్నీ ఉన్నాయి. నంబర్ కనపడకపోతే ఆ నాలుగు పేజీలూ ఉండేవి కావు.

మేనకోడలు: ఆ అబ్బాయి తప్పు చదివాడు. అందుకే నంబర్ కాదు, ప్యాకేజీ మార్పుల చిట్టా చూడాలంటున్నా. నంబర్ దాస్తే దాడి చేసేవాడేమీ ఆగడు. వాడు నంబర్ అడగడు, అందరికీ ఒకే ప్యాకెట్ పంపుకుంటూ పోతాడు. ఆగిపోయిన సర్వర్ పాతదని వాడికే తెలిసిపోతుంది.

మామ: దాచితే నష్టమేమిటి?

మేనకోడలు: నష్టం లేదు.

మామ: మరి మళ్లీ పెట్టు.

మేనకోడలు: పెడతా. అప్డేట్‌తో పాటే పెడతా.

మామ: మాట తిప్పకు. నువ్వు చెప్పే దొంగ అడ్రసుల భయం మీద కూడా నాకు సందేహముంది. దేవస్థానం పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి దర్శనం టికెట్లని భక్తులని ముంచుతున్నారు. టీటీడీ ఎన్నిసార్లు హెచ్చరించింది! వాళ్లెవరికీ డీఎన్‌ఎస్ పగలగొట్టే అవసరమే రాలేదు. అసలు పేరుకి దగ్గరగా ఇంకో పేరు కొనుక్కుంటారు, వాట్సాప్‌లో లింకు పంపుతారు. ఇక నిజమైన సైటు అడ్రస్ మారిస్తే బ్రౌజర్ ఊరుకోదు, సర్టిఫికెట్ కలవలేదని ఎర్ర హెచ్చరిక పెడుతుంది. మరి నీ 2008 భయం ఇప్పుడెంత మిగిలింది?

మేనకోడలు: చాలా తగ్గింది, ఒప్పుకుంటా. బ్యాంకు సైటుకైనా దేవస్థానం సైటుకైనా సర్టిఫికెట్ కాపలా ఉంది. కానీ ఆ కాపలా ఉన్నా, తప్పు అడ్రస్ కూర్చుంటే అసలు సైటు తెరుచుకోదు. గడువు తీరేదాకో, మనం గమనించి తుడిచేదాకో మన కస్టమర్లందరికీ అంతే. భక్తుడు మోసపోకపోవచ్చు, టికెట్ మాత్రం చూసుకోలేడు. సర్వరే కూలిపోతే ఏ సర్టిఫికెట్ కాపాడుతుంది? నువ్వు భయపడేది నెట్ ఆగిపోతుందనే కదా. అప్డేట్ వేస్తే, ఆగినా ఒక సర్వర్ ఆగుతుంది, మనం చూసుకుంటూ ఉండగా, రద్దీ లేని వేళ ఆగుతుంది. వేయకపోతే గరుడ సేవ రాత్రి రెండూ ఒకేసారి ఆగొచ్చు. రెండింటిలోనూ ఉన్నది అదే బైండ్, అదే లోపం. ఎప్పుడు ఆగాలో అప్పుడు నిర్ణయించేది నువ్వూ కాదు, నేనూ కాదు.

మామ: రెండూ ఒకేసారి అన్నావు చూడు, ఆ మాట ముందే చెప్పాల్సింది. ఒకదాంట్లో వేరే సాఫ్ట్‌వేర్ ఎందుకు పెట్టలేదు మరి?

మేనకోడలు: అన్‌బౌండ్ పెడదామని అడిగాను మామా. రెండు రకాలు ఎవరు నేర్చుకుంటారు అన్నావు.

మామ: ...అన్నానేమో. పండగయ్యాక చూద్దాం. అయినా ప్రతి ప్రకటనకీ ఇలా అర్ధరాత్రి లేస్తామా? ఏడాదికి ఎన్ని వస్తాయో నీకు తెలుసు.

మేనకోడలు: అన్నింటికీ అక్కర్లేదు. ప్రకటనలో ఏ వెర్షన్లకి తగులుతుంది, ఏ సెట్టింగ్ ఉంటే తగులుతుంది, ప్యాచ్ లేకుండా తప్పించుకునే మార్గం ఉందా అని విడివిడిగా రాస్తారు. మనం వాడని సౌకర్యంలో లోపమైతే నెలవారీ పనిలో వేద్దాం. కస్టమర్ల ప్రశ్నలకి జవాబిచ్చే భాగంలో లోపమై, తప్పించుకునే మార్గం లేదని రాస్తే మాత్రం ఆ రాత్రే. ఈసారిది ఆ రకం. రెండుసార్లు చదివాను.

మామ: నాకు చదివి వినిపించు. తెలుగులో చెప్పు. నాకర్థమైతేనే.

మేనకోడలు: చెబుతా. తర్వాత?

మామ: తర్వాత రాత్రి రెండు గంటలకి రెండోదానికి వెయ్. తెల్లారేదాకా చూద్దాం. లాడ్జీల నుంచి ఒక్క ఫోన్ రాకపోతే మొదటిది గరుడ సేవ మర్నాడు.

మేనకోడలు: మొదటిది రేపు రాత్రి మామా. రౌటర్లు ముందు అడిగేది మొదటిదాన్నే. అది అలాగే ఉంటే సగం పని కూడా చేసినట్టు కాదు.

మామ: రేపు రాత్రి రెండోదాని లాగ్ నాకు చూపిస్తేనే.

మేనకోడలు: లాగ్‌తో పాటు జవాబివ్వడానికి ఎంతసేపు పడుతోందో కూడా చూపిస్తా. 2008లో లాగా నెమ్మదిస్తే వెనక్కి తీసేస్తా, మాటిస్తున్నా.

మామ: వెర్షన్ నంబర్ దాచే సెట్టింగ్?

మేనకోడలు: ఈ రాత్రే పెడతా.