రెండో రోజు పొద్దున లేచి నడవగలరా?

దసరా హడావిడి తగ్గిందంటే చాలు, అమెరికాలోని మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో శ్రీశైలం మాట మొదలవుతుంది. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు గుంటూరు నుంచి నడిచి వెళ్లి శివరాత్రికి మల్లన్న దర్శనం చేసుకోవాలని ఒకరంటారు, మేమూ వస్తామని పదిమంది చేతులెత్తుతారు. ఆ తర్వాత వారం రోజులు బూట్ల ఫొటోలే ఫొటోలు. ఏ కంపెనీవి మంచివి, వీపు బ్యాగు ఎన్ని లీటర్లది కొనాలి, చేతికర్రలు విమానంలో పెట్టనిస్తారా. అటు గుంటూరు ఫోన్ చేస్తే మా బాబాయి లాంటి వాళ్ల ధోరణి ఇంకో రకం: "దానికంత టెన్షన్ దేనికమ్మా, శివయ్యే నడిపిస్తాడు."

బూట్లూ కావాలి, శివయ్యా కావాలి. మొదటి రోజు మాత్రం ఈ రెండూ లేకపోయినా ఎవరైనా నడిచేస్తారు. మెడలో రుద్రాక్షమాల కొత్తగా ఉంటుంది, వెనక భజన ఉంటుంది, వీధి చివరిదాకా సాగనంపడానికి చుట్టాలు వస్తారు. అసలు సంగతి తేలేది రెండో రోజు తెల్లవారుజామున నాలుగింటికి, ఏదో సత్రం వరండాలో చాప మీద నుంచి లేచి మడమ నేలకు ఆనించినప్పుడు. పిక్కలు పట్టేసి ఉంటాయి, తొడలు ఒరుసుకుని మండుతుంటాయి, అరికాలు కింద పెడితే ప్రాణం పోయినంత పనవుతుంది. ఇంకా ఆరేడు రోజుల నడక మిగిలి ఉంటుంది. తొలిసారి నడిచేవాళ్లు సిద్ధపడాల్సింది ఆ పొద్దుటి కోసమేనని నా వాదన.

లెక్క చూడండి. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం 220 కి.మీ.కు అటూ ఇటూ ఉంటుంది. రోజుకు 30 కి.మీ. వేసుకున్నా వారం పైమాటే. బెజవాడలో బయల్దేరితే ఇంకో రోజు. ట్రెడ్‌మిల్ మీద రోజూ గంటసేపు నడిచే అలవాటుంది కాబట్టి ఫర్వాలేదనుకుంటారు మనవాళ్లు. ఏసీ గదిలో, మెత్తటి బెల్టు మీద, ఒక గంట. మర్నాటి గంటకు మధ్య ఇరవై మూడు గంటల విశ్రాంతి. ఇక్కడ ఆ విశ్రాంతే దొరకదు.

అందుకే శని, ఆదివారాలు వరసగా నడవాలి. వారంలో మిగతా రోజులు ఎంత నడిచారన్నది నాకు పెద్ద లెక్క కాదు. శనివారం 10 కి.మీ., ఆదివారం మళ్లీ 10. రెండు మూడు వారాలకోసారి కాస్త పెంచుకుంటూ, మూడు నెలలు గడిచేసరికి రెండు రోజులూ ఇరవై చొప్పున నడిచే స్థితికి రావాలి. యాత్రలో వేసుకోబోయే చెప్పులు లేదా బూట్లు, అవే మేజోళ్లు, అదే బ్యాగు, పంచె కట్టుకుని నడవదలిస్తే పంచెతోనే. బయట మంచు పడుతుంటే మాల్‌లో చుట్టూ తిరగండి, సెక్యూరిటీ వాళ్లు ఓ నాలుగుసార్లు చూసి ఊరుకుంటారు. బయల్దేరే ముందు చివరి వారం మాత్రం దూరపు నడకలు ఆపి కాళ్లకు విశ్రాంతినివ్వాలి.

రెండో సలహా చాలామందికి నచ్చదు, ఎందుకంటే సెలవులు ఖర్చవుతాయి. నడక మొదలుపెట్టే తేదీకి కనీసం పది రోజుల ముందు ఊళ్లో దిగండి. జెట్‌లాగ్ ఒక్కటే కాదు కారణం. షికాగో చలిలోంచి వచ్చిన ఒంటికి గుంటూరు ఎండ అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో ఎండలో కాస్త కాస్త తిరుగుతుంటే చెమట త్వరగా పట్టడం, ఆ చెమటలో ఉప్పు తగ్గడం లాంటి మార్పులు ఒంట్లో వాటంతటవే వస్తాయి. పగలంతా ఏసీలో పడుకుంటే మాత్రం రావు. చుట్టాల ఇళ్ల భోజనాలకు వెళ్లండి, కాదనను, నడిచి వెళ్లండి.

బెజవాడ వాళ్లకు సాధన చేయడానికి చోట్లకు కొదవ లేదు. తెల్లారకముందు ప్రకాశం బ్యారేజీ మీద గాలి బాగుంటుంది, 1,200 మీటర్ల పైచిలుకు పొడవు, రెండుసార్లు అటూ ఇటూ తిరిగితే ఐదు కిలోమీటర్లు. కానీ అది మరీ నున్నటి దారి. నన్నడిగితే ఇంద్రకీలాద్రి గిరి ప్రదక్షిణ మేలు. కుమ్మరిపాలెం, విద్యాధరపురం, చిట్టినగర్, కొత్తపేట మీదుగా ఎనిమిది కిలోమీటర్ల దాకా వస్తుంది. ఆటోలు, ఆవులు, గతుకులు, ఎక్కడ రోడ్డు అయిపోయి ఎక్కడ కాలువ మొదలవుతుందో తెలియని అంచులు: ముందుముందు మీకు ఎదురయ్యేవన్నీ అక్కడే ఉంటాయి. మెట్లు అలవాటు కావాలంటే మంగళగిరి పానకాల స్వామి కొండ ఉంది. గుంటూరులో ఉంటే అమరావతి రోడ్డు పట్టుకుని తాడికొండ దాకా నడిచి బస్సులో వచ్చేయండి. మర్నాడు కాళ్లు పీకుతున్నా అదే పని మళ్లీ చేయండి. ఆ రెండో సాయంత్రానికి మీకేం సరిపోదో మీకే తెలిసిపోతుంది, అప్పుడు కొనుక్కోవచ్చు.

ఇక పాదాలు. గంటల తరబడి నడిస్తే పాదం ఉబ్బుతుంది, కాబట్టి బూట్లు సాయంత్రం పూట, మీ సైజుకన్నా ఒకటి పెద్దవి తీసుకోవాలి. నూలు మేజోళ్లు చెమట పీల్చుకుని అలాగే తడిగా ఉంటాయి, బొబ్బలకు అదే మూలం. మధ్యాహ్నం ఆగినప్పుడు మేజోళ్లు మార్చి, పాదాలు ఆరనిచ్చి, వేళ్ల మధ్య కాస్త వాజిలైన్ రాసుకోవడం ఎన్ని వేల రూపాయల బూట్లకన్నా ఎక్కువ పనిచేస్తుంది. గోళ్లు బయల్దేరే రోజు కాకుండా నాలుగు రోజుల ముందే అడ్డంగా, మూలలు లోపలికి కోయకుండా కత్తిరించుకోవాలి.

బొబ్బ అనేది ఉన్నట్టుండి రాదు. ముందు ఒకచోట చురుక్కుమంటుంది. గుంపు ముందుకెళ్లిపోతోంది, ఇంకో కిలోమీటరులో టీ కొట్టు ఉందంటున్నారు, అప్పుడు చూసుకుందాంలే అనుకుంటాం. ఆ కిలోమీటరులోనే నీరు పడుతుంది. చురుక్కుమన్న చోటే, రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చుని, అక్కడ తుడిచి ల్యూకోప్లాస్ట్ టేపు అంటించుకోవాలి. గుంపును పోనివ్వండి, నడకలో వెనకబడ్డవాళ్లను వదిలేసి పోయేంత కఠినులు మనవాళ్లలో లేరు.

బొబ్బ వచ్చేశాక పాదయాత్రల్లో ఒక నాటు వైద్యం ఉంది. సూదికి నల్లదారం ఎక్కించి, బొబ్బలోంచి ఈ చివర నుంచి ఆ చివరకు దూర్చి, దారాన్ని లోపలే వదిలేసి కత్తిరిస్తారు. దారం వెంట నీరు కారిపోతుంది, పైన పసుపు అద్దుతారు. వినుకొండ దగ్గర ఒక పెద్దావిడ వరసగా కూర్చున్న నలుగురికి ఒకే సూదితో ఈ పని చేయడం చూశాను. చెయ్యి ఎంత తేలికో, ఒక్కరూ అబ్బా అనలేదు. కానీ ఆ దారం రోడ్డు మీద మురికినంతా లోపలికి లాగుతుంది, ఆ సూది సంగతి ఇక చెప్పక్కర్లేదు. నీరు తీయక తప్పదనుకుంటే స్పిరిట్‌తో తుడిచిన మీ సొంత సూదితో అంచున చిన్న చిల్లు పెట్టి నొక్కండి, పైచర్మం మాత్రం పీకకండి, శుభ్రమైన గాజ్ గుడ్డతో కట్టు కట్టండి. పెద్దావిడకు దణ్ణం పెట్టి వద్దని చెప్పొచ్చు.

దీక్ష తీసుకుని చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల మీద నాకు చాలా గౌరవం. దసరాకు ఎర్రబట్టల్లో బెజవాడ హైవే మీద వచ్చే భవానీలను చూస్తే ఎవరికైనా అంతే. అయితే వాళ్లలో చాలామంది ఏడాదంతా పొలంలో ఒట్టికాళ్లతో తిరిగేవాళ్లు. కార్పెట్ మీద పెరిగిన మన పాదం వేరు. శివరాత్రి రోజులకే పదకొండు దాటితే తారురోడ్డు కాలుతుంది. మొక్కు అలాగే ఉంటే రెండు నెలలు ముందు నుంచీ ఇంట్లో, తర్వాత పెరట్లో, తర్వాత కంకర మీద అలవాటు చేసుకోవాలి, ఎండ ఎక్కకముందే నడక ముగించాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని పదేళ్లు దాటిందేమో చూసుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకైతే చెప్పుల్లేని నడక వద్దే వద్దు. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు, వాళ్లు రోజూ రాత్రి ఫోన్ లైటు వేసుకుని అరికాళ్లు చూసుకోవాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడుతూ ఉపవాసం ఉండి నడిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డోసు సంగతి విమానం ఎక్కకముందే డాక్టరుతో మాట్లాడుకోండి. ఉపవాసం సంగతి గురుస్వామితో మాట్లాడుకోండి, నాకు తెలిసిన గురుస్వాములెవరూ ప్రాణం మీదికి తెచ్చుకోమనరు.

నీళ్లొకటే తాగుతూ పోతే చాలదు, చెమటలో పోయిన ఉప్పు కూడా తిరిగి రావాలి. ఉప్పేసిన మజ్జిగ దొరికిన ప్రతిచోటా తాగండి. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు మందుల షాపులో కొని, ఎన్ని నీళ్లలో కలపాలో దాని మీద చదివి అలాగే కలపండి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి రసాల మీద ఆ మాట రాయడానికి వీల్లేదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. పాత సరుకు కంటబడితే జాగ్రత్త.

రోడ్డు మీద ఎటు పక్క నడవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. అమెరికాలో ఎదురొచ్చే బండి కనిపించాలంటే ఎడమ పక్క నడుస్తాం, అక్కడ అది కాళ్లకు పట్టిన అలవాటు. ఇక్కడ బండ్లు ఎడమ పక్క వెళ్తాయి కాబట్టి మనం కుడి పక్క నడవాలి. శివరాత్రి రోజులంటే గుంటూరు యార్డుకు మిర్చి జోరుగా వచ్చే కాలం. పల్నాడు వైపు నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎత్తుగా కట్టిన లారీలు తెల్లవారుజామునే వస్తుంటాయి, డ్రైవరు రాత్రంతా నిద్రపోయి ఉండడు. వీపు మీదా చేతికర్ర మీదా మెరిసే స్టిక్కర్ అంటించుకోండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీసేయండి. ఘాటుకు ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి తువ్వాలు ఎలాగూ భుజం మీద ఉంటుంది.

సామానుకు వెనక ఒక టాటా ఏస్ పెట్టుకోవడం నామోషీ ఏమీ కాదు. మూట మోస్తేనే యాత్ర అనేవాళ్లతో నేను వాదించను, వాళ్ల మోకాళ్లు వాళ్లవి.

త్రిపురాంతకం చేరాక ఒక పూట ఆగండి. శ్రీశైలానికి తూర్పు ద్వారం అది, కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువు దగ్గర బాలా త్రిపురసుందరి. అడవిలోకి వెళ్లే ముందు కాళ్లకు ఆ విరామం అవసరం కూడా. దోర్నాల దాటితే టైగర్ రిజర్వు. మామూలు రోజుల్లో రాత్రిపూట బండ్లనే పోనివ్వరు, మనిషి ఒంటరిగా నడిచే ప్రశ్నే లేదు. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది, ఆ తర్వాతే అక్కడ భక్తుల చేతికి కర్రలిచ్చి గుంపులుగా వెళ్లమన్నారు. నల్లమల అంతకన్నా చాలా పెద్ద అడవి. అటవీశాఖ వాళ్లు ఆగమన్న చోట ఆగండి. ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా ఎక్కే పాతదారి అందంగా ఉంటుంది, దాన్ని పండగ రోజుల్లోనే తెరుస్తారు, తొలిసారి వెళ్లేవాళ్లు దారి తెలిసినవాళ్లు లేకుండా అటు వెళ్లకండి.

ఇంత చెప్పినా, ఆడవాళ్ల విషయంలో ఈ సన్నాహమంతా ఒక్కచోట దెబ్బతింటుంది. దారిలో బాత్రూములు ఉండవు. ఉన్నా నీళ్లుండవు. అందుకని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లయినా తాగకుండా నడిచే అమ్మలూ అక్కలూ ఎంతమందో. ఎండదెబ్బ, మూత్రంలో మంట, తల తిరగడం, అన్నీ అక్కడ మొదలవుతాయి. ఎన్ని నీళ్లు తాగాలో నేను ఇక్కడ చెప్పేస్తే సరిపోతుందా?

మన సంఘం ఏటా పాదయాత్రికుల అన్నదానానికి డబ్బు పంపుతుంది. మంచిదే. కానీ ఆ దారిలో అన్నానికి కరువు లేదు, పులిహోర పొట్లం వద్దంటే కోపగించుకునే ఊళ్లున్నాయి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించి పేరు తెచ్చుకున్నాడు. ఫలకం మీద పేరు కావాలనుకునే మన దాతలు ఆ సంగతి ఒకసారి ఆలోచించాలి. నరసరావుపేట నుంచి దోర్నాల దాకా రోడ్డు పక్క ఊళ్లలో ప్రభుత్వ పాఠశాలలున్నాయి, యాత్రికులు రాత్రి పడుకునేది చాలాచోట్ల వాటి వరండాల్లోనే. ఈ ఏడు అన్నదానం డబ్బులో సగం ఆ బడుల్లో ఆడపిల్లల బాత్రూములకు తలుపు గొళ్లెం, నీళ్ల ట్యాంకు, మోటారు, వారానికోసారి కడిగే మనిషి జీతం కింద పెడదాం. యాత్ర వారం రోజులు అవి యాత్రికులకు, మిగతా ఏడాది ఆ ఊరి పిల్లలకు. హెడ్‌మాస్టర్లతో, పంచాయతీలతో దీపావళికే మాట్లాడాలి, డబ్బు సంక్రాంతిలోపు చేరాలి. శివరాత్రి వారంలో పంపితే అది మళ్లీ పులిహోరకే పోతుంది.